పిడుదులు, గెంతే పురుగులు: పాడి ఇంటి నుండి వదిలించుకోవడం ఎలా?

(సభ్య సంఘాల అధ్యయన పాఠం)

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పుస్తకాలు, నగదు నిల్వ, పాల పరీక్ష చూడడంతో మా పని పూర్తి కాదు. వీలైన చోటల్లా నలుగురైదుగురు సభ్యుల కొట్టాలను కూడా చూసి వస్తాము. అక్కడ సభ్యులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “మందు కొట్టామండీ. పదిహేను రోజులు తిరగకుండానే పిడుదులు మళ్ళీ ఎక్కాయి. మందు కల్తీదంటారా?” అని.

చాలాసార్లు తప్పు మందులో ఉండదు. మనం మందు కొట్టింది ఒక చోట, పురుగు కాపురమున్నది మరొక చోట. ఈ సంగతి అర్థమైతే సగం పని అయినట్లే. అందుకే ఈ పాఠంలో ముందు పురుగు బ్రతుకు గురించి, తర్వాత మందు గురించి చెబుతాము.

కనిపించేవి కొన్ని, దాగినవి అనేకం

కొన్ని జిల్లాల్లో పిడుదులు అంటారు, కొన్ని చోట్ల గోమార్లు అంటారు. పేరు ఏదైనా పశువు రక్తం పీల్చి బ్రతికే పురుగే. మన పశువులపై ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటి రకం చిన్న పిల్లగా పశువు మీదికెక్కి, దాదాపు మూడు వారాలు ఆ పశువు మీదనే పెరిగి పెద్దదవుతుంది. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు చిక్కుడు గింజంత ఉబ్బి నేల రాలుతుంది. పేడకుప్ప అంచునో, గాడి క్రిందనో, రాళ్ళ సందునో చేరి రెండు వేల నుండి మూడు వేల వరకు గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ గుడ్ల నుండి వచ్చిన పిల్లలు గడ్డి కొసల మీద, గోడ మీద కాచుకొని ఉంటాయి. పశువు దొరకకపోయినా అవి నెలల తరబడి ఆకలికి ఓర్చుకొని బ్రతకగలవు.

రెండవ రకం పెరిగే దశల్లో పశువును వదిలి దిగి, గోడ పగుళ్ళలో దాగి, మళ్ళీ ఎక్కుతుంది. అంటే దాని జీవితంలో ఎక్కువ భాగం గోడలోనే గడుస్తుంది. మట్టిగోడలు, పెచ్చులూడిన ఇటుక గోడలు, పాత కర్రల గాడి దీనికి స్థిర నివాసాలు.

ఇక లెక్క చూడండి. ఒక్క పిడుదు పెట్టిన రెండు వేల గుడ్లలో నూటికి ఒకటి చొప్పున బ్రతికినా ఇరవై పిడుదులు. ఆ ఇరవైలో సగం ఆడవనుకుంటే పది. ఆ పదీ మళ్ళీ అదే లెక్కన పెడితే రెండు వందలు. పశువు మీద మందు చల్లి ఊరుకున్నవారు పైనున్న పంటను కోశారు గాని, నేలలోని విత్తనాన్ని అలాగే వదిలిపెట్టారన్నమాట.

నష్టం పాల క్యాను దాకా

రక్తం పోయిన పశువు మేత తిన్నా ఒంటికి పట్టదు. దురదతో నిలకడగా నెమరు వేయదు. రోజుకు ఒక్క లీటరు పాలు తగ్గినా నెలకు 30 లీటర్లు. మన సభ్యుల్లో చాలామందికి ఆ 30 లీటర్లే దాణా ఖర్చు. దూడల పరిస్థితి మరీ కష్టం. పురుగులు ఎక్కువైతే రక్తహీనతతో కనురెప్పల లోపలి భాగం తెల్లబడి, పెయ్య ఎదగక, ఎదకు రావలసిన వయసుకు రాదు.

అన్నింటికంటే పెద్ద నష్టం రోగాలు. పిడుదు రోగాన్ని మోస్తుందన్న సంగతి 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రవేత్తలు ఋజువు చేశారు. వారు పరిశోధించిన పశువుల జ్వరం బేబీసియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. మన దగ్గర దీనిని ఎర్రమూత్రం రోగం అంటారు. జ్వరంతోబాటు మూత్రం కాఫీ రంగులో వస్తుంది.

మన సంకరజాతి ఆవులకు ఇంకా ఎక్కువ భయపడవలసినది థైలీరియా జ్వరం. ఇది గోడల్లో దాగే రెండవ రకం పిడుదుల ద్వారా వస్తుంది. దేశవాళీ ఆవులు, గేదెలు కొంత తట్టుకుంటాయి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులు త్వరగా లొంగిపోతాయి. ఆనవాళ్ళు ఇవి:

1. విడువని తీవ్ర జ్వరం. మామూలు జ్వరం సూదికి తగ్గదు.
2. భుజం ముందు, తొడ దగ్గర బిళ్ళలు ఉబ్బడం.
3. పాలు ఒక్కసారిగా పడిపోవడం, మేత మానడం.
4. ఆయాసం, దగ్గు, కళ్ళలో నీరు, తర్వాత కనురెప్పల లోపల పాలిపోవడం.

ఈ లక్షణాలు కనిపిస్తే నాటుమందులతో రోజులు గడపరాదు. డాక్టరుగారు చెవి నుండి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పరీక్ష చేస్తే సంగతి తెలుస్తుంది. బూపార్వాక్వోన్ అనే మందు దీనికి ఉంది. త్వరగా వేస్తే పశువు దక్కుతుంది, రక్తం క్షీణించాక వేస్తే నమ్మకం తక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. సంచార పశువైద్య వాహనాలు తిరిగే ప్రాంతాల్లో 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

మేము చూసిన ఒక సంఘంలో ఒక సభ్యురాలు బ్యాంకు అప్పుతో సంకరజాతి ఆవును కొన్నది. బేరం బాగుంది, పాలూ బాగున్నాయి. తెచ్చిన నాడే పాత కొట్టంలో కట్టారు. నాలుగో వారంలో జ్వరం వచ్చింది. ఇంటివారు దిష్టి తగిలిందని అయిదు రోజులు ఆగారు. ఆవు పోయింది, వాయిదాలు మిగిలాయి. ఆ గోడ పగుళ్ళలో పుల్ల పెట్టి గీస్తే పిడుదులు బియ్యం గింజల్లా రాలాయి. ఆ గోడకు సున్నం, సిమెంటు పూయడానికి అయ్యే ఖర్చు అప్పులో ఒక వాయిదా కంటే తక్కువ.

ఇంటి కుక్క, గెంతే పురుగులు

పాడి ఉన్న ఇంట కుక్క ఉంటుంది, పిల్లి ఉంటుంది, నాలుగు మేకలు కూడా ఉంటాయి. కుక్క రాత్రి కొట్టంలో దూడల పక్కన పడుకొని, పగలు వరండాలో పిల్లల పక్కన పడుకుంటుంది. కాబట్టి ఇల్లు వేరు, కొట్టం వేరు అని పురుగు విషయంలో అనుకోవడానికి వీలులేదు.

కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో కనిపించే గోధుమరంగు పిడుదు చాలావరకు కుక్కలదే, ఆవుల పిడుదు కాదు. కాని అది కూడా గోడలెక్కి చూరులో, తలుపు సందుల్లో గుడ్లు పెడుతుంది. ఇవి కాక గెంతే పురుగులున్నాయి. నువ్వుగింజ కంటే చిన్నవి, పక్కలు నొక్కినట్లు పలచగా ఉంటాయి, వెంట్రుకల మధ్య పరుగెడతాయి, పట్టబోతే గెంతుతాయి. ఇవి కుక్క, పిల్లి, మేక, దూడ అన్న భేదం లేకుండా కుడతాయి. మనుషులకు పాదాల పైన, పిక్కల మీద వరుసగా దద్దుర్లు వస్తే వీటిని అనుమానించాలి. ఎలుకల మీది ఇటువంటి పురుగే ప్లేగును వ్యాపింపజేస్తుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో కనుగొన్నాడు. కుక్కల్లోని ఒక రకం బద్దెపురుగు కూడా గెంతే పురుగుల ద్వారానే పాకుతుంది. పసిపిల్లలు పొరపాటున ఆ పురుగును మింగితే వారికీ సోకుతుంది.

ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. కుక్కను తెల్లటి తడిగుడ్డ మీద నిలబెట్టి దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లటి నలుసులు తడికి ఎర్రగా కరిగితే అది పురుగు విసర్జించిన రక్తం. మట్టి అయితే ఎర్రబడదు.

దీని జీవితం కూడా నేల మీదనే సాగుతుంది. ఆడ పురుగు రోజుకు నలభై వరకు గుడ్లు పెడుతుంది. అవి నున్నగా ఉండి జారిపోయి, కుక్క పడుకునే గోనెలో, దూడ క్రింది చెత్తలో, నేల బీటల్లో పడతాయి. పిల్ల పురుగులు వెలుతురుకు దూరంగా బ్రతికి, తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూటిలో అవి వారాలు, ఒక్కోసారి నెలలు కదలకుండా ఉండి, అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగలగానే బయటపడతాయి. పెళ్ళికి వెళ్ళి పది రోజుల తర్వాత ఇల్లు తెరిచినవారి మీదికి ఒక్కసారిగా గెంతేవి ఇవే. గూటిలో ఉన్నవాటికి మందు సరిగా అందదు. కాబట్టి ఒక్క రోజు మందుతో పని ముగిసిందనుకోరాదు.

మూడు చోట్లా ఒకే రోజు

అసలు సూత్రం ఇదే: పశువు, కొట్టం, ఇల్లు మూడింటికీ ఒకే రోజు పని జరగాలి. క్రమం ఇలా ఉండాలి.

మొదటి పని, ఊడ్చి ఎత్తడం. ఉదయం పాలు పితికి కేంద్రానికి పంపిన తర్వాత పశువులను బయట నీడన కట్టండి. కొట్టంలో పేడ, మిగిలిన మేత, తడి చెత్త పూర్తిగా ఎత్తి దూరంగా ఉన్న ఎరువు గుంతలో వేసి మట్టి కప్పండి. కుక్క గోనెలను, వరండాలో పరుపు గుడ్డలను మరిగే నీటిలో ఉతికి గట్టి ఎండలో ఆరవేయండి. పనికిరాని గోనెలు తగులబెట్టండి. ఇంట్లో మంచాల క్రింద, గడపల మూలల్లో ఊడ్చిన దుమ్మును వాకిట పారబోయక కాల్చివేయండి.

రెండవ పని, పగుళ్ళు. గాడి ఖాళీ చేసి, గోడ పగుళ్ళలో, గుంజల మొదళ్ళలో, మనిషి ఎత్తు వరకు మందు పట్టించండి. ఆరాక పగుళ్ళను సిమెంటుతోగాని, సున్నం కలిపిన మట్టితోగాని పూడ్చి సున్నం కొట్టండి. మందు పోతుంది, పూడ్చిన పగులు నిలుస్తుంది. డబ్బు తక్కువైతే ముందు పగుళ్ళకే ఖర్చు పెట్టండని మా సలహా.

మూడవ పని, పశువు. మందు పట్టించే ముందు కడుపునిండా నీళ్ళు తాగించండి. దాహంతో ఉన్న పశువు తడి ఒంటిని నాకుతుంది. పెద్ద పశువుకు మూడు నాలుగు లీటర్ల మందు నీరు అవసరం. వీపు మీద నాలుగు చుక్కలు చల్లితే పని జరగదు. చెవుల లోపలి అంచు, గంగడోలు, ముందు కాళ్ళ సందు, తొడల మధ్య, పొదుగు పైభాగం, తోక క్రింద, గిట్టల సందు తడవాలి. కన్ను, ముక్కు, నోరు తగలకుండా చూడాలి. మిట్ట మధ్యాహ్నం వద్దు, వానలో వద్దు. తర్వాతి పూట పితికే ముందు పొదుగును మంచి నీటితో కడిగి పొడిగుడ్డతో తుడవాలి.

నాలుగవ పని, కుక్క, పిల్లి. కుక్కకు తగిన మందు డాక్టరుగారిని అడిగి వాడండి. పిల్లికి మాత్రం పశువుల మందు ఏదీ పూయరాదు. అది ఒళ్ళు నాక్కొనే జీవి, ఈ మందులు దానికి ప్రాణాంతకం.

పిడుదులకు రెండు, మూడు వారాల ఎడంతో, సీసా చీటీలో చెప్పిన ప్రకారం, మళ్ళీ పట్టించాలి. గెంతే పురుగులకు ఊడ్చే పని కనీసం రెండు నెలల పాటు వారానికి రెండుసార్లు సాగాలి. రాత్రి పూట దీపం క్రింద వెడల్పాటి పళ్ళెంలో సబ్బు నీరు పెడితే గెంతే పురుగులు అందులో పడతాయి. వాటితో బెడద తీరదు గాని, ఇంకా ఉన్నాయో తగ్గాయో రోజూ లెక్క తెలుస్తుంది.

మందు కొలత

డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు, అమిట్రాజ్ 12.5 శాతం మందు సాధారణంగా లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున పశువు ఒంటికి వాడుతారు. అంటే పది లీటర్ల బక్కెట్టుకు 20 మి.లీ. అయితే శాతం మారితే కొలత మారుతుంది. కాబట్టి చేతిలోని సీసా చీటీయే ప్రమాణం. మూతతో, అగ్గిపెట్టెతో కొలవవద్దు. దగ్గుమందుతో వచ్చే గీతల మూత సరిపోతుంది, కాని దానిని మళ్ళీ మనుషుల మందుకు వాడరాదు. కొట్టం గోడలకు వాడే బలం వేరు, దానిని పశువు ఒంటికి పొయ్యరాదు. మూడు నెలల లోపు దూడలకు, ఈనడానికి దగ్గరున్న చూడి పశువులకు డాక్టరుగారి మాట ప్రకారమే వాడండి.

“కొలత కాస్త తగ్గిస్తే ఖర్చు కలిసివస్తుంది కదా” అనేవారున్నారు. పలచటి మందుకు బలహీనమైన పిడుదులు చచ్చి, గట్టివి మిగులుతాయి. వాటి సంతానం ఆ మందుకు లొంగదు. మన దేశంలో చాలా ప్రాంతాల్లో పిడుదులు మందుకు అలవాటు పడినట్లు పరిశోధకులు గమనించారు. అప్పుడు మందు మార్చాలి. మార్చడమంటే సీసా పేరు మార్చడం కాదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ ఒకే కుటుంబానికి చెందినవి. దానికి లొంగని పురుగు దీనికీ లొంగకపోవచ్చు. అమిట్రాజ్ వేరే కుటుంబం. ఏది ఎప్పుడు మార్చాలో డాక్టరుగారితో నిర్ణయించుకోవాలి.

చేయరాని పనులు

పత్తి మందు, మిరప మందు పశువుకు పూయరాదు. పొలంలో మిగిలిందని గేదెకు పూసి, సాయంత్రానికి చొంగ కారుతూ వణికి పడిపోయిన ఉదాహరణలు మాకు తెలుసు. అటువంటప్పుడు ఒంటిని నీటితో కడిగి, మందు సీసాను చేతపట్టుకొని వెంటనే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాలి.

గమాక్సిన్ పొడి ఒకప్పుడు ప్రతి కొట్టంలో చల్లేవారు. ఆ బి.హెచ్.సి. మందును 1997లో మన ప్రభుత్వం నిషేధించింది. అది కొవ్వులో కరిగి, పశువు ఒంట్లో నిలిచి, పాల వెన్నలోకి దిగుతుంది. వెన్న శాతం చూసి ధర కట్టే మనకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. విషం కూడా ఆ వెన్నలోనే చేరుతుంది. అటక మీద పాత పొట్లాలుంటే వాడవద్దు.

ఐవర్‌మెక్టిన్ సూదిని పాలిచ్చే పశువుకు సొంతంగా వేయించవద్దు. ఆ మందు పాలలోకి దిగుతుంది. ఏ మందు వేసినా, పాలు ఎన్ని రోజులు పోయరాదో అడిగి, అన్ని రోజులూ కేంద్రానికి పోయకుండా ఉండడం సభ్యుని బాధ్యత. ఒక్క ఇంటి పాలు ఊరి క్యానులో, ఊరి క్యాను ట్యాంకరులో కలుస్తాయి.

పిడుదును ఉత్తచేత్తో నలపవద్దు. గోడల్లో దాగే రకం ద్వారా మనుషులకు వచ్చే క్రిమియన్ కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడింది. చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగి, సబ్బు నీటి సీసాలో వేయండి. మందు కలిపిన బక్కెట్టును చెరువులో కడగవద్దు. ఈ మందులు చేపలను చంపుతాయి. మందు పట్టించిన రోజున రాలిన పిడుదులను కోళ్ళు తినకుండా చూడండి. మిగిలిన రోజుల్లో కోళ్ళు పిడుదులను ఏరి తినడం మనకు మేలే.

వేపనూనె సంగతి చాలామంది అడుగుతారు. అది పురుగును కొంత దూరం ఉంచుతుంది. తక్కువగా ఉన్నప్పుడు వాడుకోవచ్చు. కొట్టం నిండా ఉన్నప్పుడు దానినొక్కదానినే నమ్ముకోరాదు.

కొత్త పశువు వచ్చినప్పుడు

కొన్న పశువును మూడు వారాలు వేరుగా కట్టండి. తెచ్చిన రోజే ఒంటి మీది పురుగులకు మందు పట్టించండి. రోజూ జ్వరం చూడండి. థైలీరియా జ్వరానికి మన దేశంలో తయారైన టీకా ఉంది. దానిని ద్రవ నత్రజనిలో భద్రపరచాలి, కనుక అన్నిచోట్లా అన్ని వేళలా దొరకదు. సంకరజాతి పెయ్యలున్నవారు ముందుగానే డాక్టరుగారిని అడిగి ఉంచుకోవడం మంచిది.

సంఘం చేయవలసినది

ఒక్క ఇంటివారు ఎంత శ్రమించినా పక్క కొట్టం నుండి, ఊరి బీడు నుండి పిడుదులు మళ్ళీ వస్తాయి. ఈ పని సహకార పద్ధతిలో చేస్తేనే ఫలితం ఉంటుంది. పాలకవర్గం వారు ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి తేదీ నిర్ణయించి, ఊరంతా ఒకే వారంలో మందు పట్టించే ఏర్పాటు చేయాలి. మందును సంఘం ద్వారా తెప్పించి స్థానిక అమ్మకాల రిజిస్టరులో వ్రాయాలి. కొలత గ్లాసు, ఒక చేతి పంపు సంఘంలో ఉంచి వంతులవారీగా ఇవ్వవచ్చు. ఎవరి పశువుకు ఏ మందు, ఏ తేదీన అన్నది ఒక పుస్తకంలో ఉంటే, మందు మార్చవలసి వచ్చినప్పుడు డాక్టరుగారికి అదే ఆధారం. సభ్యులు కానివారి పశువులను కూడా ఈ పనిలో కలుపుకోండి. పిడుదు వాటా ధనం చూసి ఎక్కదు.

కొట్టంలో చీపురు పట్టేదీ, దూడను కట్టేదీ, పిడుదును ముందుగా చూసేదీ ఇంటి ఆడవారే. మందు కొలతలు చెప్పే సమావేశానికి వారిని తప్పక పిలవాలి. మగవారికి చెప్పి పంపిన కొలత ఇంటికి చేరేసరికి మూతతో కొలిచిన కొలతగా మారడం మేము చూస్తూనే ఉన్నాము.

నెలసరి సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన ఊళ్ళో ఎన్ని కొట్టాల గోడలు పగుళ్ళతో ఉన్నాయి? ఒక్కొక్క దానిని పూడ్చడానికి ఏమి కావాలి?
2. పోయిన ఏడాది ఏ మందు వాడాము? పనిచేసిందా? కొలత ఎలా చేశాము?
3. పాత గమాక్సిన్, పొలం మందులు కొట్టంలో ఎవరింట ఉన్నాయి?
4. మందు వేసిన పశువు పాలను ఆపిన సభ్యుడు కేంద్రానికి ఆ సంగతి తెలపడానికి ఏ ఏర్పాటు ఉంది?
5. ఊరంతా ఒకే వారంలో చేయడానికి ఏ వారం అనుకూలం?

అయిదవ ప్రశ్నకు జవాబుగా ఒక తేదీని తీర్మానాల పుస్తకంలో వ్రాసుకొన్న తర్వాతే సమావేశం ముగించవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.